ఫారిన్ బెల్టు

సూరత్‌లో ఉన్ అనే పేట దగ్గరి మా మరమగ్గాల షెడ్డు పక్కనే నాన్నా నేనూ మూడేళ్లు కష్టపడి టాపులేని పాతకాలపు స్పోర్ట్స్ కారు తయారు చేసుకున్నాం. బానెట్ ఎగిరిపోకుండా నాన్న దానికి మగ్గాన్ని తిప్పే తోలు బెల్టు కొత్తది బిగించాడు.

ఎవరి కారు వాళ్లు సరదాగా ట్రాక్ మీద నడుపుకునే రోజున తీసుకెళ్లాం. కార్లు తనిఖీ చేసే పెద్దమనిషి ఆ బెల్టును ఊడదీసి, రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని నవ్వాడు.

"బేటీ, ఇది రేస్ ట్రాక్, మగ్గాల కార్ఖానా కాదు."

తన స్టాల్లోని ఫారిన్ బెల్టు పెడితేనే లోపలికి వదులుతాడట! ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లు కొరుక్కుంటూ కొన్నాను.

నాన్న దాన్ని బిగించబోతూ ఆగి, తిరగేసి చూశాడు. నల్లరంగు కింద, కాల్చిన మేకుతో వేసిన చిన్న త్రిశూలం. మగ్గానికి ఎక్కించే ప్రతి బెల్టు మీదా నాన్న వేసే గుర్తు అది.

"ఏంది సాబ్ గిది?" షెడ్డులో మగ్గాల చప్పుడును మించి అరిచినట్టే అరిచాడు నాన్న. "అరిగిపోయిందని నిరుడు నేనే తుక్కు భంగార్‌ల పడేసిన గదా! నేను బిగించిన కొత్తది పనికిరాదు, నేను పారేసిందైతే ఫారినా?"