కొసరు చెంచా

ఇంటర్నెట్ అంగడి నడిపే ఒక పెద్ద కంపెనీ మెడలు నేనొక్కణ్ణే వంచాను. నమ్మకపోతే మా కోడల్ని అడగండి. ముందు నవ్వుతుంది, ఆ నవ్వు ఆగేదాకా ఓపిక పట్టాలి.

నేను చెక్క గరిటెలు చెక్కుతాను. కోడలు వాటికి ఫోటోలు తీసి ఆ అంగడిలో అమ్ముతుంది. మూడు నెలల అమ్మకాల డబ్బు చేతికి రావలసిన వారం, కంపెనీ దాన్ని ఆపేసింది. పార్సిళ్ల బరువులో అనుమానాస్పదమైన తేడా ఉందని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. నెలాఖరులోగా అద్దె కట్టకపోతే షెడ్డుకు తాళం వేస్తానన్నాడు యజమాని. నా ఉలులూ, ఆమె ప్యాకింగ్ బల్లా అందులోనే ఉన్నాయి.

"పద, కోర్టుకీడుద్దాం!" అన్నాను.

"ముందు చొక్కా తిరగేసి తొడుక్కోండి మామయ్యా, కుట్లు బయటికున్నాయి," అంది కోడలు.

వకీలమ్మ గదిలో ఫైళ్లు దించితే గాని కుర్చీలు కనబడలేదు. ఆమె కోడలి ఫోనులో ఒప్పందాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. అలాంటిది పూర్తిగా చదివే మనిషిని నేను చూడడం అదే మొదలు.

"కోర్టు సంగతి తర్వాత తాతగారూ. గొడవొస్తే ముందు మధ్యవర్తి దగ్గరికెళ్తామని ఇందులో ఒప్పుకున్నారు."

"నేనా? ఎప్పుడు?"

"నేనే మామయ్యా. చదవకుండా టిక్కు కొట్టాను."

"అందరూ కొట్టేదేలేమ్మా," అంది వకీలమ్మ. "మొదట వాళ్ల ఫిర్యాదుల అధికారికి రాద్దాం. ఏ షరతు కింద డబ్బు ఆపారో, ఏ పార్సిల్లో తేడా వచ్చిందో చెప్పమని అడుగుదాం. పలక్కపోతే నోటీసు. అప్పటికీ కదలకపోతే మధ్యవర్తి. ఇంతకీ తేడా ఎలా వచ్చింది?"

"ప్రతి పెట్టె బరువూ తూచే రాస్తున్నాను మేడమ్, ఒట్టు!" అంది కోడలు.

నేను పైకి చూశాను.

"ఫ్యాన్ వైపు ఎందుకు చూస్తున్నారు మామయ్యా?"

ఇక తప్పలేదు, చెప్పేశాను. యాభై ఏళ్లు సంతలో అమ్మినవాణ్ణి. కొసరు వేయకుండా సరుకు ఇవ్వాలంటే నాకు చెయ్యి రాదు. కోడలు పెట్టె తూచి, టేపు కోసం అటు తిరగగానే, ఒక చిన్న చెంచా అందులోకి జారవిడిచేవాణ్ణి.

"మూడు నెలలూనా? అన్నిట్లోనా?"

"నచ్చనివాళ్లకి వేయలేదు."

"కొన్నవాళ్లని మీరెక్కడ చూశారు?"

"పేర్లు చూశాగా!"

వకీలమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వింది. "కొన్నవాళ్లు ఏమైనా రాశారేమో చూడమ్మా."

కోడలు చదివింది: "గరిటె కొంటే దాని పిల్ల కూడా వచ్చింది." అలాంటివి నలభైకి పైగా ఉన్నాయి. అవే మా సాక్ష్యం. ఉత్తరం కోడలు రాసింది, వకీలమ్మ దిద్దింది. నా తప్పు ఒప్పుకుంటూ కింద సంతకం పెట్టడమే నా వంతు. అంటే వంగిన మెడ నాదేనన్నమాట!

నోటీసు దాకా వెళ్లనే లేదు. నెలాఖరుకు రెండు రోజుల ముందు, అదనపు బరువుకు రవాణా ఖర్చు పట్టుకుని, మిగతా డబ్బంతా వేశారు. షెడ్డు నిలిచింది. వకీలమ్మ ఒక్క పూట సలహాకే రుసుము తీసుకుంది. ఆమెకు చేతులెత్తి దండం పెట్టాను.

కోడలు నన్ను ఒక్క మాటా అనలేదు. చెంచాతో కలిపి బరువు రాస్తోందిప్పుడు, అంతే. అలాంటి పిల్ల మా ఇంటికి రావడం నా అదృష్టం.

అన్నట్టు, నచ్చనివాళ్లకి వేయలేదన్నానే, అది వకీలమ్మ ముందు పరువు కోసం కల్పించిన మాట. ఒక్కరికీ మానలేదు.