సోమవారం చేరాల్సిన లెక్కల మేష్టరు

సూళ్లూరుపేటలోని ప్రైవేటు బడిలో దయానంద్ ఇంటర్వ్యూ బాగానే జరిగింది. తొమ్మిదో తరగతి పిల్లలకు త్రిభుజాల పాఠం చెప్పమన్నారు. చెప్పాడు. వెనక బెంచీలో కూర్చుని విన్న ప్రిన్సిపాల్ రంగప్రియ మేడం, "ఫోన్ చేసి చెబుతాం" అంది. ఆ మాట పట్టుకుని అతను పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న తన కుప్పానికి తిరిగొచ్చాడు. అప్పటినుంచీ ఫోను వదిలిపెట్టలేదు. స్నానానికి వెళ్తే గూట్లో పెట్టి, దాన్నే చూస్తూ నీళ్ళు పోసుకునేవాడు.

కుప్పమంటే జాలర్ల పల్లె. అందులో బీఈడీ చదివిన మొదటివాడు అతను. నాయన పోయాక అన్న మునస్వామి చేపల వేట చేసి చదివించాడు. శనివారం పొద్దున్నే అన్న వచ్చి పిలిచాడు.

"దయా, నువ్వూ రారా. రొయ్య బాగా పడతా ఉండాది. ముగ్గురముంటే వల తొందరగా లాగేయచ్చు."

"నీళ్ళమీద సిగ్నల్ రాదన్నా. వాళ్ళు ఇప్పుడు ఫోన్ చేస్తే?"

మునస్వామి నవ్వాడు. "సరేలే, మేష్టరుగారు ఒడ్డునే ఉండండి," అని బావమరిది సుకుమార్‌ను ఎక్కించుకుని పడవ నెట్టాడు.

పక్క కుప్పంతో హద్దు తగాదా ఏడాదిగా నలుగుతూనే ఉంది. నీళ్ళు తగ్గేకొద్దీ రొయ్య పడే చోటు చిన్నదైపోయి, వాళ్ళ వలలు వీళ్ళు కోయడం, వీళ్ళ వలలు వాళ్ళు కోయడం మామూలైంది. ఆ రోజు దెబ్బ పడింది వలల మీద కాదు.

ఎండ ముదిరేసరికి పడవ తిరిగొచ్చింది. సుకుమార్ ఒక్కడే గెడ వేస్తున్నాడు. మునస్వామి వలల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. తల పగిలింది. చెవి పక్కన చర్మం ఊడి వేలాడుతోంది. పడవ అడుగున చేరిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, అందులో రొయ్యలు ఇంకా ఎగురుతున్నాయి.

"ఆ కుప్పం అమర్‌నాథ్ గాడు," అన్నాడు సుకుమార్ రొప్పుతూ. "నలుగురు చుట్టుకున్నారు. పడిపోయినాక కూడా కొట్టినాడు. నేనొక్కణ్ణి ఏం జేసేది? ఇంకొకడు ఉండింటే..." అని ఆపేశాడు.

ఆపినా ఆ మాట దయానంద్‌కు గుచ్చుకుంది.

వదిన గ్రేసీ కొంగు చించి మొగుడి తలకు కట్టింది. ఆటో ఎక్కుతూ వెనక్కి తిరిగి, "అబ్బోడా, నువ్వు మాత్రం ఆడికి పోవద్దు. కేసు పడితే ఉద్యోగం రాదు," అంది.

ఆటో కదిలిందో లేదో మగవాళ్ళు గెడలూ తెడ్లూ కత్తులూ పట్టుకుని పడవల్లోకి దూకారు. అతన్ని ఎవరూ పిలవలేదు. "నువ్వుండప్పా, చదువుకున్నోడివి," అన్నాడొకడు ప్రేమగానే. ఆ ప్రేమే అతను భరించలేకపోయాడు. ఒక తెడ్డు లాక్కుని చివరి పడవ ఎక్కాడు.

పక్క కుప్పం ఒడ్డున ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. కర్ర ఎముకకు తగిలితే వచ్చే చప్పుడు ఒక్కటే తెలుస్తోంది. ఒకడి మోచేయి వెనక్కి విరిగింది. ఇంకొకడు నోట్లో ఊడిన పళ్ళు ఉమ్మేసి మళ్ళీ మీదికొచ్చాడు. దయానంద్ వాళ్ళనెవరినీ చూడలేదు. అమర్‌నాథ్‌ను వెతుక్కుంటూ వెళ్ళి భుజం మీద తెడ్డు దించాడు. అమర్‌నాథ్ కూలాడు. మళ్ళీ దించాడు. తెడ్డు విరిగింది. వీపు మీద మోకాలు పెట్టి, జుట్టు పట్టుకుని, ముఖాన్ని బురద నీళ్ళలోకి అదిమాడు. చీలమండ లోతు కూడా లేని నీళ్ళు. అవి బుడబుడమంటుంటే దయానంద్‌కు హాయిగా ఉంది. ఆ హాయి అతను ఎన్నడూ ఎరగనిది.

"బావా, వొదిలిపెట్టు! సచ్చిపోతాడు!" సుకుమార్ భుజం పట్టి లాగాడు. దయానంద్ కదల్లేదు.

అప్పుడు చొక్కా జేబులో ఫోను మోగింది. ఆ కుప్పంలో టవరుంది.

ఎన్నాళ్ళుగానో దానికోసమే కాచుకున్న చేయి తనంతట తానే జుట్టు వదిలి జేబులోకి పోయింది.

"దయానంద్ గారేనా? ఏమిటండీ ఆ అరుపులు?"

"సంతలో ఉన్నాను మేడం."

"సోమవారం వచ్చి చేరండి. ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు మీరే."

"థాంక్యూ మేడం," అన్నాడు. అతని కాళ్ళ దగ్గర అమర్‌నాథ్ బురద కక్కుకుంటూ, విరిగిన భుజాన్ని ఈడ్చుకుంటూ పాకిపోతున్నాడు.

సాయంత్రం పోలీసులు వచ్చేలోపే కుప్పం పెద్ద వరదయ్య తీర్పు చెప్పేశాడు. "అమర్‌నాథ్‌ను కొట్టింది సుకుమారని చెబుదాం. మన పిల్లోళ్ళకు ఒక మేష్టరన్నా ఉండనీ."

"కానీలే పెద్దయ్యా," అన్నాడు సుకుమార్. ఎస్సై అందరి ముందూ అతని దవడ మీద కొట్టి, లాఠీతో పొడుస్తూ జీపు ఎక్కించాడు. సుకుమార్ దయానంద్ వైపు చూడలేదు. దయానంద్ నోరు తెరవలేదు.

మర్నాడు ఆసుపత్రిలో మునస్వామి కళ్ళు తెరిచి, "ఫోనొచ్చిందారా?" అని అడిగాడు. వచ్చిందని చెబితే కుట్లు లాగుతున్నా నవ్వాడు.

గ్రేసీ అతన్ని వరండాలోకి పిలిచింది. "నా తమ్ముణ్ణి రాత్రంతా కొట్టినారంట. నేను నిన్నేమీ అడగనులే దయా," అని ముఖం తిప్పుకుంది.

సోమవారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని సూళ్లూరుపేటలో బస్సు దిగాడు. బడి దాకా నడిచాడు. గేటు దగ్గర పిల్లలు బరువు సంచులతో తోసుకుంటూ లోపలికి పోతున్నారు. ఒక పిల్లవాడు ముందున్నవాడి జుట్టు పట్టుకుని లాగాడు. దయానంద్ అక్కడే ఆగి మేడంకు ఫోన్ చేశాడు.

"మేడం, శనివారం మీరు చేసినప్పుడు నేను సంతలో లేను. ఒక మనిషిని చంపతా ఉన్నాను. మీ ఫోనొస్తే వదిలినాను."

బడి గంట ఒక చెవిలో ఫోన్లోంచీ, ఇంకో చెవిలో గేట్లోంచీ వినిపించింది. "మీరు ఇక్కడికి రాకండి," అని ఆమె ఫోను పెట్టేసింది.

పోలీసు స్టేషన్లో సుకుమార్ కటకటాల వెనక గోడకానుకుని ఉన్నాడు. పెదవులు వాచిపోయాయి. దయానంద్‌ను చూడగానే లేచాడు.

"నీకేం పిచ్చా బావా! ఎందుకొచ్చినావు?"

"నువ్వింటికి పో. అక్క ఏడస్తా ఉండాది."

జరిగిందంతా విని ఎస్సై అతన్ని ఎగాదిగా చూశాడు, ఇస్త్రీ చొక్కాను కూడా. కానిస్టేబుల్‌ను రాసుకోమన్నాడు. దయానంద్ తన పేరు, ఊరు, నాయన పేరు చెప్పాడు.

"ఏం పని చేస్తావు?"

దయానంద్ నోటిదాకా వచ్చిన మాటను మింగాడు.

"వేట," అన్నాడు.