తెరను అడిగిన సందేహం

కాలేజీ డైరెక్టరు చేసిన ఘనకార్యమల్లా, కెమెరా నడుస్తోందని మరిచిపోయి నోరు తెరవడం.

లెక్కల మేడమ్ రెండు పడవల మీద కాళ్లు పెట్టి పాఠం చెబుతోంది. సగం క్లాసు బెంచీల మీద, సగం ఆన్‌లైన్లో తెర మీద. బోర్డు వైపు తిరిగితే తెరవాళ్లు "కనపడట్లేదు మేడమ్!" అంటారు. కెమెరా వైపు తిరిగితే బెంచీలవాళ్లు "ఇటూ చూడండి, బతికే ఉన్నాం" అంటారు. ఇంకో నెల అలా తిరిగితే ఆమె మెడ ఊడి డస్టర్ పక్కన పడేదే.

"పాఠాలన్నీ రికార్డయ్యాయిగా," అన్నాడు డైరెక్టరు గుమ్మంలోంచే. "సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు. వీడియో వేస్తాం."

మేడమ్ చేతిలో సుద్ద విరిగింది. తన గొంతే తన కూడు లాక్కుంది!

అతను వెళ్లాడో లేదో, అంతా విన్న క్లాసు భగ్గుమంది.

"మీవల్లే! దుప్పట్లో దూరి వింటారు, మీకోసమేగా ఈ రికార్డులు!" వెనకబెంచీ పొడుగోడు తెర మీద విరుచుకుపడ్డాడు.

"దుప్పటా? బండి మీద పార్సిళ్లు మోస్తూ ఒంటిచెవితో వింటున్నాన్రా!" తెరలోంచి పార్సిలన్న అరిచాడు. "నీకు బెంచీ ఉంది. నాకు సిగ్నలే లేదు!"

"కొట్టుకు చావండి!" మేడమ్‌కి విసుగు తలకెక్కింది. "వాళ్లకి కావలసిందీ అదే. రేపు మీకు అర్థం కాకపోతే ఎవరు చెబుతారు? వీడియోనా?"

పొడుగోడు బుర్ర గోక్కున్నాడు. "అడిగి చూద్దామా అన్నా?"

సోమవారం తెర మీద మేడమ్ బొమ్మ పాఠం మొదలెట్టింది. పొడుగోడు లేచి "సందేహం!" అన్నాడు. బొమ్మ ఆగలేదు. బెంచీలన్నీ లేచాయి. తెరవాళ్లంతా మైకులు తెరిచారు. "సందేహం! సందేహం!" ఆ కేకకి కిటికీ అద్దాలు కూడా తలకాయలూపాయంటే నమ్మండి.

డైరెక్టరు పరిగెత్తుకొచ్చి తెరవాళ్ల లైను కోసేశాడు. "ఇప్పుడరవండి!"

మధ్యాహ్నానికి తెరవాళ్లు కాళ్లూ చేతులతో సహా గేటు ముందు దిగారు. పార్సిలన్న సంచీతోనే వచ్చాడు. ఒకావిడ చంటిదాన్ని చంకనేసుకొచ్చింది. మేడమూ వచ్చింది. పొడుగోడు లోపలి నుంచి గొళ్లెం తీశాడు.

"నువ్వింత పొట్టోడివా అన్నా?"

"మెడదాకేగా చూశావు! జరుగు."

డైరెక్టరు పిలిచిన పోలీసు వ్యాను వచ్చింది. "ఎవరు వీళ్లకి పెద్ద?"

"నేనే," అంది మేడమ్. చెయ్యి పట్టి లాగారు.

పార్సిలన్న అడ్డం నిలబడ్డాడు. "ఆగండి సార్. మొన్నటి లెక్క ఇంకా అర్థం కాలేదు."

మేడమ్ వ్యాను మెట్టు మీద నిలబడి వెనక్కి చూసింది. "ఇంకెవరికి అర్థం కాలేదు?"

అన్ని చేతులూ లేచాయి.

"అయితే ఎక్కండి."

గుంపంతా వ్యాను మీదికి ఎగబడింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. అప్పుడే ఎదురు భవనం మెట్ల మీంచి ఫిజిక్సు మాస్టారు చొక్కా చేతులు మడుచుకుంటూ దిగాడు, వెనకాల తన క్లాసంతా.

"రేపట్నుంచి మా పాఠాలు రికార్డు చేస్తారట," అన్నాడు. "కాస్త జరగండి, మాకూ చోటివ్వండి."