రూపాయి బిళ్ళంత అద్దం

సన్యాసిరావుగారు సగం గడ్డానికి సబ్బు నురుగు పట్టించి, నన్ను చెవి వెనక్కి తిప్పి చూసుకుంటున్నారు. నేను ఒక అద్దాన్ని. రూపాయి బిళ్ళంత ముఖం, జానెడు స్టీలు కాడ, ఎటు కావాలంటే అటు వంగే మెడ. మామూలు అద్దంలో మనుషులు తమని తాము చూసుకుంటారు. నన్ను తయారుచేసింది చెయ్యి దూరినా కన్ను దూరని సందుల్లోకి చూడడానికి. ఆరేళ్ళు వైమానిక దళంలో జెట్ విమానాల కడుపులో నూనె చెమ్మనీ, వెంట్రుకవాసి పగుళ్ళనీ వెతికాను. ఇప్పుడు ఒక మాజీ సార్జెంటు చెవి వెనక వెంట్రుకలు వెతుకుతున్నాను. దిగజారానని అనుకోను. ఆ జెట్ల మోతకే సగం చెవుడు తెచ్చుకున్న చెవి అది. నాకు పాత నేస్తమే.

"ఆ చెంచాడు అద్దం ఒగ్గీసి పెద్దద్దం ముందు నిల్చోవచ్చు కదేటి?" వంటింట్లోంచి ఆయన భార్య పైడితల్లి.

"అది ఎదరే చూపిస్తాదే. ఇది ఎనక కూడా చూపిస్తాది."

నిజంగానే చూపించాను. వెనక గుమ్మంలో వాళ్ళమ్మాయి రోహిణి కూర్చుని ఉంది. హెలికాప్టర్లు బాగుచేసే షెడ్డులో ఆర్నెల్ల క్రితం చేరింది. చేతిలో హార్డ్‌వేరు కొట్టు కవరు, ఖాళీది. మీద స్క్రూడ్రైవరు బొమ్మ. దాన్ని మడుస్తోంది, విప్పుతోంది.

ఆయన చెయ్యి ఆగింది. మా పనిలో పెట్టెలో ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే గుంట ఉంటుంది. పని అయ్యాక అన్నీ గుంటల్లోకి రావాలి. ఒక్కటి ఖాళీగా ఉన్నా విమానం కదలదు, పోయిన వస్తువు దాని లోపలే ఉందేమోనని. ఆ పనిముట్లని ఎవరూ బజార్లో కొనరు, ఖాళీ గుంటని కప్పిపుచ్చాలనుకుంటే తప్ప.

"నిన్న పెట్టె లెక్క సరిపోనాదా అమ్మీ?"

"సరిపోయింది నాన్నా." తల ఎత్తలేదు.

"ఆ హెలికాప్టరు ఎగిరేది ఎప్పుడు?"

"పదింటికి. నా డ్యూటీ రెండింటికి కదా, నేనుండను."

గోడ గడియారంలో ఆరున్నర. ఆయన నురుగు మొహంతోనే కూతురి వైపు తిరిగారు.

"నా ప్రమోషన్ ఎందుకాగిందో చెప్పాను కదా?"

"ఆ ఆఫీసరు ముండాకొడుక్కి నువ్వంటే పడక," అంది పైడితల్లి, ముప్పై ఏళ్ళ అలవాటుగా.

"ఆయన మంచోడే. తప్పు నాది."

ఆయన అదంతా చెప్పుకొచ్చారు. ఆ రోజు నన్ను ఒక జెట్‌లో, ఇంజనులోకి గాలి వెళ్ళే గొట్టంలో మరిచిపోయారు. లెక్క వేళకి నా గుంట ఖాళీ. చీవాట్లకి జడిసి, సెలవులో ఉన్న స్నేహితుడి పెట్టెలోంచి ఇలాంటిదే మరో అద్దం తెచ్చి పెట్టేశారు. లెక్క సరిపోయింది. పైలట్ వచ్చి, "నువ్వు చూశావు కదా రావ్?" అని మాత్రం అడిగి, తనిఖీ కాగితం చదవకుండానే సంతకం పెట్టి నిచ్చెన ఎక్కాడు. చీకట్లో పడుకుని నేనది విన్నాను. ఇంజను తిరిగితే ముందు ముక్కలయ్యేది నేను. తర్వాత ఇంజను. ఆ తర్వాత అతను. అంతలో బయట బూట్ల పరుగు. విమానానికి ఎదురుగా, తల మీద చేతులు కత్తెరలా పెట్టి, ఆపమని సైగ చేస్తూ నిలబడ్డారు సన్యాసిరావుగారు. పైలట్ ఇంజను తిప్పలేదు. నన్ను బయటికి లాగే తొందరలో ఆయన చేతిలోంచి జారిపడ్డాను, నా అంచు చిట్లింది. పనికిరానిదాన్నని నన్ను లెక్కల్లోంచి కొట్టేసి ఆయనకే ఇచ్చేశారు.

"మూడేళ్ళు ఆపీసారు ప్రమోషను," అన్నారాయన. "ఆ పైలట్ మటుకు ఒక్క మాట అనలేదమ్మీ. మర్నాడు నేను సూసిన ఇమానమే ఎక్కాడు."

"అయితే ఆ ఆఫీసర్ని ఇన్నాళ్ళూ నా సేత ఊరికే తిట్టించావేటయ్యా!" పైడితల్లి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

రోహిణి లేచింది. కవరుని నలగకుండా సాపు చేసి సంచిలో పెట్టుకుంది. మేకుకున్న స్కూటరు తాళం తీసుకుంది.

"ఉప్మా తినీసి ఎల్లవే! డ్యూటీ రెండింటికన్నావు!"

రోహిణి తండ్రిని దాటి వాకిట్లోకి దిగింది. సన్యాసిరావుగారు వెనక్కి తిరగలేదు, పిలవలేదు. నన్ను భుజం మీదుగా ఎత్తి పట్టుకున్నారంతే. చిట్లిన నా అంచులో గేటు తెరుచుకుంది, స్కూటరు షెడ్డు రోడ్డుకి తిరిగింది. అది చుక్కంత అయ్యేదాకా చూపించాను. ఆయన చెంప మీద నురుగు ఆరిపోయింది.