డబ్బా గొప్పా, పొట్లం గొప్పా

నందికొండ డ్యాం పనిలో కుదిరిన ఐలేశం అక్కడి క్వార్టర్స్‌లో కాపురం పెట్టి ఆరు నెలలైంది. అతని మూడేళ్ల కూతురు గోపమ్మకు మాత్రం ఆ ఊరి తిండి ఒంటబట్టలేదు. పొద్దున ఏం పెట్టినా మూతి తిప్పేసేది. మనవరాలిని చూసిపోదామని మందను తమ్ముడికి అప్పజెప్పి వచ్చిన తాత గుర్వయ్య, ఆ బక్క చేతులు పట్టి చూసి అక్కడికక్కడే తేల్చేశాడు.

"రేపు పొద్దుగాల కడుపునిండ తిన్నదా, సరే. తినలేదా, పగటి బస్సుకు నా ఎంట తీస్కపోత. గొర్ల పాలు తాగి మనిషైతది."

కోడలు జానమ్మకు తెలుసు, మామ మాటంటే మాటే. పిల్ల లేని ఇంట్లో తానొక్క పూటైనా ఉండగలదా? ఆ సాయంత్రమే కొంగు బిగించి అంగడికి బయలుదేరింది.

పక్కింటి ఇంజినీరు భార్య సుగుణమ్మ పిల్లలు రోజూ కార్న్‌ఫ్లేక్స్ తిని బడికి పోతారు. చూడ్డానికి మక్కజొన్న అటుకులే, పాలు పోసి చక్కెర వేస్తే చాలు. జానమ్మ పేరున్న కంపెనీ డబ్బా తెచ్చింది. దాని మీద బుగ్గల పిల్లాడొకడు నవ్వుతున్నాడు. ఐలేశం ఊరుకుంటాడా? డ్యూటీ దిగి వస్తూ కాలనీ స్టోర్ వాళ్లు సొంతంగా కట్టి అమ్మే అవే అటుకుల పొట్లం పట్టుకొచ్చాడు.

"రెండూ మక్కలే గదనే. గా అట్ట డబ్బాకు ఎక్కువ పైసలెందుకు?"

"గా పోరని బుగ్గలు చూసినవా? నీ పొట్లం మీద ఏమున్నది, స్టోరోళ్ల ముద్ర తప్ప!"

ఇద్దరూ చెరో గుప్పెడు నమిలి, ఎవరిది వాళ్లే మెచ్చుకున్నారు. గుర్వయ్య రెండూ నోట్లో వేసుకుని తల అడ్డంగా ఊపాడు.

"నాకు రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి. మీకెందుకు కొట్లాట? కొత్త మేతైతే మంద ముంగట రెండు కుప్పలు పోసి ఇడుస్తం. ఏది ముడితే గదే మంచిది. పిల్లకు గూడ గట్లనే పెట్టున్రి. ఎవ్వలు పిలవద్దు, బతిమాలద్దు."

తెల్లవారి వరండాలో రెండు గిన్నెలు పెట్టి పాలు పోసింది జానమ్మ. చక్కెర కోసం లోపలికి వెళ్లి వచ్చేసరికి గోపమ్మ గిన్నెల దగ్గర చేరనే చేరింది. ఎవరూ దగ్గరికి రావద్దన్నట్టు గుర్వయ్య కర్ర అడ్డం పెట్టాడు. జానమ్మ చక్కెర పట్టుకుని గడపలోనే ఆగింది.

పిల్ల డబ్బా గిన్నెలో చెయ్యి పెట్టింది. జానమ్మ ముఖం వెలిగింది. తర్వాత పొట్లం గిన్నెకు జరిగింది. ఐలేశం మీసం దువ్వాడు. మళ్లీ ఇటు, మళ్లీ అటు. చివరికి రెండు గిన్నెలూ ఖాళీ చేసి పాలు కారే మూతితో నవ్వింది.

జానమ్మ ఆశ్చర్యంగా గిన్నె అడుగున వేలు పెట్టి నాకింది. ఉప్పు!

"మామా, ఏం గలిపినవు?"

"ఉప్పు లేని మేతను గొర్రె ముడ్తదా బిడ్డా? నువ్వు మర్చినవనుకున్న. తగువు లేకుండ రెండింట్ల ఏసిన."

జానమ్మ నెత్తి కొట్టుకుంది. ఊళ్లో ఈ పిల్ల తిన్నది ఉప్పేసి ఉడికించిన జొన్నరవ్వ గట్క, చల్ల. ఇక్కడికొచ్చాక పక్కింటి పిల్లల్ని చూసి అన్నింట్లోనూ చక్కెర కుమ్మరించింది తనే! నవ్వుతూ బిడ్డను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. పిల్ల ఇక తనదే, ఎక్కడికీ పోదు.

ఆ సంబరంలో మామను ఆలస్యంగా చూసింది. గుర్వయ్య గొంగడి భుజాన వేసుకుని చెప్పులు తొడుగుతున్నాడు. ముఖం వాడిపోయింది.

"పిల్ల తిన్నది, నాకు సంబురమే బిడ్డా. కాని పిల్లను తీస్కొస్తనని మీ అత్తకు మాటిచ్చి వచ్చిన. ఇల్లంత బోసిపోయింది మాకు."

జానమ్మ దగ్గరికి వెళ్లింది. బిడ్డను ఆయన చేతుల్లో పెట్టి భుజం మీది గొంగడి తీసుకుంది.

"గీ ఉప్పు లెక్క నాకు తెల్వది మామా. నాల్గు దినాలుండి నేర్పు. అత్తను గూడ పిలిపిద్దాం."

ఆమె చేతి కూరలో ఏనాడూ ఉప్పు తప్పలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"గదేమన్న ఒక్క దినంల వచ్చే ఇద్దెనా!" అంటూ గుర్వయ్య చెప్పులు విడిచాడు.