రేపు మాస్టారి షెల్ఫు

వీధిలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. టైలరు మాస్టారు అనాలి గానీ, ప్యాంటు ఎప్పుడిస్తారని అడిగిన ప్రతివాడికీ ముప్పై ఏళ్ళుగా "రేపు రండి" అనే జవాబే దొరకడంతో ఆయన రేపు మాస్టారు అయిపోయారు. పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. మనిషి గుమ్మంలో నిలబడగానే చూపుతోనే సగం కొలతలు తీసేస్తారు. ఎవరి భుజం ఏ పక్కకు వాలిందో, ఎవరి పొట్ట పోయిన నెలకన్నా ఎంత ముందుకొచ్చిందో డాక్టరు కన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. వాలిన భుజం కింద అడక్కుండానే చిన్న మెత్త పెట్టి కుట్టేస్తారు. కోటు వేసుకున్నవాడు అద్దంలో చూసుకుని, తన భుజాలు ఎప్పుడూ ఇలాగే ఉన్నాయనుకుని సంతోషంగా వెళ్ళిపోతాడు.

అలాంటి మాస్టారిని భార్య ఒకే ఒక్కటి అడిగింది. వంటింట్లో డబ్బాల షెల్ఫు మరీ ఎత్తులో ఉంది. ఉప్పు కావాలన్నా, పంచదార కావాలన్నా స్టూలెక్కాలి. ఆ స్టూలుకి పేరుకే నాలుగు కాళ్ళు, నమ్మదగ్గవి మూడే. పోయిన నెల అది జారితే, పక్కనున్న కిటికీ ఊచ పట్టుకుని వేలాడి ఆవిడ ఎలాగో గట్టెక్కింది.

"ఏమండీ, ఆ షెల్ఫు నాకు అందేలా కిందికి దింపించండి. ఇంకేం వద్దు. మా తమ్ముడికి చెబితే ఒక్క పూట పని" అంది.

ఆ చివరి మాటే కొంప ముంచింది. తమ్ముడిది చెక్కపని. ఎప్పుడో నలుగురిలో కూర్చున్నప్పుడు వాడు "మా బావకి సూది తప్ప ఇంకేదీ పట్టుకోవడం రాదు" అని నవ్వించాడు. నవ్విన నలుగురూ మర్నాటికే మరిచిపోయారు. మాస్టారు మాత్రం ఆ మాటని ఆరేళ్ళుగా ఎండబెట్టి, దులిపి, మళ్ళీ మడతపెట్టి దాచుకుంటూనే ఉన్నారు.

"నా ఇంట్లో మేకు కొట్టడానికి ఇంకొకడు రావాలా? నా చేతుల్తో నేనే చేస్తాను" అన్నారు.

"ఎప్పుడు?"

"రేపు" అన్నారు మాస్టారు. ఇంకేమంటారు?

ఆ రేపటి నుంచి మాస్టారి చెవుల్లో ఇయర్‌ఫోన్లు మొలిచాయి. 'మీ ఇల్లు మీ చేతుల్లో' అంటూ ఒకాయన ఫోన్లో పాఠాలు చెబుతాడు. మల్లెపువ్వులాంటి చొక్కా వేసుకుని, రంపంతో చెక్క కోసి, గోడకు చిల్లి పెట్టి, చివరికి అదే చొక్కాతో నవ్వుతూ నిలబడతాడు. పొట్టు రేణువు ఒక్కటి రాలదు. టైలరై ఉండి ఆ చొక్కాని అనుమానించాల్సింది మాస్టారే. కానీ గురువు మీద గురి కుదిరాక చొక్కా ఎవడు చూస్తాడు?

ఇంటి ముందుగదే ఆయన కొట్టు. దాని వీధి తలుపుకి తాళం పడింది. తలుపు మీద ఉన్న బోర్డు చెప్పేది ఎలాగూ 'రేపు రండి' కాబట్టి కస్టమర్లకు పెద్ద తేడా తెలియలేదు. ఇంటికి డ్రిల్లు మిషను వచ్చింది, రంపాలు మూడు వచ్చాయి, వాలు చూసుకునే రసమట్టం వచ్చింది, జేబులు పదహారున్న నడుంపట్టీ ఒకటి వచ్చింది. నడుంపట్టీ కుట్టు బాగాలేదని మాస్టారు దాన్ని విప్పి మళ్ళీ కుట్టారు. అందులో రెండు రోజులు గడిచాయి. ఈ మొత్తం వ్యవహారంలో లోపం లేకుండా జరిగిన పని అదొక్కటే.

ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు, దించాల్సిన షెల్ఫు అలాగే ఉండగా మాస్టారు వంటిల్లు మొత్తాన్ని ఉద్ధరించడానికి పూనుకున్నారు. గరిటెలకు కొక్కేలు కొట్టారు. కత్తులు అతుక్కోవడానికి అయస్కాంతం పట్టీ బిగించారు. దానికి కత్తులు తప్ప అన్నీ అతుక్కునేవి. సింకు కింద లాగుడు పెట్టె పెట్టారు. దాన్ని లాగితే వంటింటి తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే అది రాదు. ఒకరోజు రెండూ ఒకదానికొకటి ఇరుక్కుని, ఆవిడ గంటసేపు లోపలే ఉండిపోయింది.

"ఏమండీ, షెల్ఫు..." అంటే, "అక్కడికే వస్తున్నా" అనేవారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఆవిడ మూడుకాళ్ళ నమ్మకం మీదే రోజూ ఎక్కి దిగుతోంది.

మూడో వారంలో అసలు చెక్క కోతకు వచ్చింది. రెండు గోడల మధ్య దూరం మాస్టారు టేపు పెట్టి మరీ కొలిచారు. కొలతలో ఆయనకు తిరుగులేదు. సుద్దతో గీత గీశారు, కోశారు. చెక్క పట్టలేదు. సరిగ్గా రెండంగుళాలు ఎక్కువ! ఇంకో చెక్క తెచ్చి, మళ్ళీ కొలిచి కోశారు. అదీ రెండంగుళాలు ఎక్కువే.

అదే సమయానికి తమ్ముడు అక్కని చూసిపోదామని వచ్చాడు. రెండు చెక్కలూ పక్కపక్కన పెట్టి చూశాడు. వాడికి విషయం అర్థమై, నవ్వు ఆపుకోవడానికి ఒక్క నిమిషం కిటికీలోంచి బయటికి చూడాల్సి వచ్చింది.

"బావా, కుట్లకని రెండంగుళాలు వదిలావా?"

మాస్టారి ముఖం పాలిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఏ కొలత రాసినా చేయి దానంతట అదే రెండంగుళాలు కలుపుతుంది. గుడ్డయితే ఎక్కువైనది లోపలికి మడిచి కుట్టేయొచ్చు. చెక్కని ఎక్కడని మడుస్తారు?

"ఇలా ఇవ్వు బావా, పది నిమిషాల్లో..."

"నువ్వు టీ తాగి వెళ్ళు" అన్నారు మాస్టారు. వాడు టీ తాగి వెళ్ళాడు.

మొత్తానికి షెల్ఫు పూర్తయింది. పాతది పీకి, కొత్తది బిగించి, రసమట్టం పెట్టి చూసుకుని, రంగు వేసి, ఆరాక డబ్బాలన్నీ వరసగా సర్దారు. నిజం చెప్పాలంటే బాగుంది. అంచులు నున్నగా వచ్చాయి, వాలు లేదు. మాస్టారు రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే, ఆరేళ్ళ మాట గుండెల మీంచి దిగిపోయినట్టయింది. నడుంపట్టీ విప్పకుండానే భార్యని పిలిచారు.

"ఏదీ, పంచదార డబ్బా తియ్యి!"

ఆవిడ చేయి తుడుచుకుని వచ్చింది. షెల్ఫు వైపు చూసింది. ఎడమచేయి పైకెత్తింది. వేళ్ళు షెల్ఫుకి జానెడు కింద ఆగిపోయాయి. మూలనున్న స్టూలు కాలితో దగ్గరికి లాక్కుంది.

మాస్టారికి అప్పుడు తెలిసింది. ఎత్తు చూసుకున్నప్పుడు ఆయన తన చేయే ఎత్తి, హాయిగా అందినచోట గీత గీశారు. ఆయన నిలువెత్తు మనిషి, ఆవిడ ఆయన భుజానికి వస్తుంది. అది చాలనట్టు ఆ గీత మీద కూడా అలవాటు కొద్దీ రెండంగుళాలు వదిలారు. పాత షెల్ఫు ఇంతకన్నా కిందే ఉండేది.

"కాస్త మడమలెత్తితే..." అన్నారు, గొంతు తనకే వినపడనంత మెల్లగా.

ఆవిడ స్టూలు వదిలేసి ముందుగదిలోకి వెళ్ళింది. మిషను మీదున్న టేపు, కస్టమర్ల కొలతల పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"తీయండి కొలత. వీధిలో అందరికీ తీశారు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా నాకు తీశారా? నన్ను కస్టమర్ని అనుకోండి."

"నీ కొలత నాకు తెలీదా ఏంటి..."

"తెలిస్తే అదెందుకు అక్కడుంది?"

మాస్టారు టేపు విప్పారు. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. నేల నుంచి మోచేతికి, నేల నుంచి భుజానికి తీసి రాసుకున్నారు. మెడ పక్కన టేపు ఆనించి, దగ్గరగా చూసి, ఆగిపోయారు. కుడి భుజం వాలి ఉంది. అరంగుళం కాదు, అంగుళం పైనే. గుమ్మంలో నిలబడిన పరాయివాళ్ళలో కనిపెట్టే సంగతి, పొద్దున్న లేస్తే కళ్ళెదుట తిరిగే మనిషిలో కనపడలేదు.

"కుడిచేయి ఎత్తు" అన్నారు.

ఎత్తింది. గడ్డం దాకా వచ్చి ఆగింది.

"ఇంకా."

"అంతే లేస్తుంది."

"ఎప్పటినుంచి?"

"స్టూలు జారిన రోజునుంచి. కిటికీ పట్టుకుని వేలాడానా, అప్పుడు పట్టేసింది."

"మరి నాకు చెప్పలేదే?"

"మూడుసార్లు చెప్పాను. మీరు 'ఊఁ' అన్నారు. చెవుల్లో అవి ఉన్నాయిగా."

మాస్టారికి ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది. ఈ మూడు వారాలూ తను రసమట్టం కొనుక్కుని, నడుంపట్టీ విప్పి కుట్టుకుని మురిసిపోతుంటే, ఈవిడ ఒంటిచేత్తో డబ్బాలు దింపుకుంటూ ఆ స్టూలు మీద నిలబడింది. పడితే? చూపించి గొప్పలు పోవాలనుకున్నదంతా బావమరిదికి. అందాల్సింది మాత్రం ఈవిడకి. ఆ చిన్న తేడా ఏ వీడియోలోనూ చెప్పలేదు, చెప్పినా ఆయన వినేవారు కాదు.

కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీశారు. పైన 'మా ఆవిడ' అని రాశారు. కింద ఒక్కొక్క అంకె వేశారు. కుడిచేయి అందే ఎత్తు దగ్గర పెన్ను ఆగింది. అలవాటు కొద్దీ చేయి రెండంగుళాలు కలపబోయింది. గట్టిగా పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు రాశారు.

"ఎప్పుడిస్తారు మాస్టారూ?" అంది ఆవిడ, అచ్చం కస్టమర్లాగే. నవ్వుతోందో లేదో ఆయన తలెత్తి చూడలేకపోయారు.

నాలుక మీదికి ముప్పై ఏళ్ళ మాట వచ్చింది. దాన్ని మింగి, నడుంపట్టీ విప్పి బల్ల మీద పెట్టి, ఫోన్ తీశారు.

"ఒరేయ్, నేనేరా, బావని" అన్నారు. "నాకు సూది తప్ప ఇంకేం పట్టుకోవడం రాదు. ఇవాళే రా. మేం ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, తాళం పక్కింట్లో ఇస్తాను. కొలతలన్నీ పుస్తకంలో ఉన్నాయి. ఆ అంకెకి వెంట్రుకంత కూడా పైకి పోకు."

అవతల వాడు మెల్లగా అడిగాడు.

"బావా, అక్కకేమైంది?"

మాస్టారు ఫోన్ ఆవిడకిచ్చి, స్టూలు రెండు చేతులా ఎత్తి వీధిలో పారేసి వచ్చారు.