విప్పి చూడని తుపాకీ

ఊళ్ళోవాళ్ళ ముత్తాతలంటే డెల్బర్ట్ స్ట్రో అనే ఆయనకు విసుగు పుట్టి చాలా ఏళ్ళయింది. నెలకో శనివారం కౌంటీ ఫెయిర్ షెడ్డులో పాత తుపాకుల సంత జరుగుతుంది. ఏది అసలుదో ఏది నకిలీదో చెప్పడానికి ఆయన చల్లారిన కాఫీ ముందు పెట్టుకుని మూలబల్ల దగ్గర కూర్చుంటాడు. ఎవరో ఒకరు దుప్పట్లో చుట్టిన తుపాకీ తెచ్చి, మా ముత్తాత దీన్ని అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర మోశాడండీ అంటారు. తీరా చూస్తే దాని మీద ఆ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అచ్చొత్తి ఉంటుంది. ఆ ముక్క నొప్పి లేకుండా ఎలా చెప్పాలా అని వెతుక్కోవడంతోనే ఆయన బతుకు సగం తెల్లారిపోయింది.

ఆ శనివారం కూడా ముత్తాతలు బాగానే వచ్చి పోయారు. సంత ముగిశాక బల్ల మీది పచ్చగుడ్డ మడత పెడుతుంటే ఆర్డిత్ ఫోన్ చేసింది. ఆమె డెల్బర్ట్ చిన్ననాటి స్నేహితుడు మెర్ల్ హోస్టెట్లర్ భార్య.

"ఒకసారి వచ్చి పోండి. మెర్ల్ ఆ క్రాగ్ బయటికి తీయించాడు. మీరు చూస్తే గానీ పడుకోనని కూర్చున్నాడు. నా మాట చెవిన పెట్టట్లేదు," అంది.

డెల్బర్ట్ మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ తుపాకీ ఊసు వాళ్ళిద్దరి మధ్య రాలేదు. వస్తే ఏం చెప్పాలో ఆయనకు తెలుసు. చెప్పే ఓపికే లేదు.

క్రాగ్ అంటే స్పెయిన్ మీద యుద్ధానికి అమెరికా సైనికులు భుజాన వేసుకెళ్ళిన తుపాకీ. మొదట్లో చేసినవాటికి గొట్టం కింద చెక్కలో గాడి తొలిచి, తుడుచుకునే ఇనుప కడ్డీ పొడుగ్గా అమర్చారు. కొన్నాళ్ళకే సైన్యం వాటిని వెనక్కి రప్పించి, కడ్డీలు తీసేసి, గాడిలో చెక్క పేడు అతికించి పూడ్చేసింది. ఆ పిలుపు తప్పించుకుని మిగిలినవి బహు కొద్ది. కాబట్టి మోసగాళ్ళు అతికించిన పేడును తవ్వి తీసి, కొత్త కడ్డీ దూర్చి, ఇదిగో మొదటి రకం అంటారు. గొట్టం విప్పి గాడి లోపలి కొస చూస్తే గుట్టు బయటపడుతుంది. అక్కడ జిగురు మరకలుంటే అది తవ్విన సరుకే.

అయితే పరాయివాడి తుపాకీ విప్పుతానని అడగడం ఈ సంతవాళ్ళలో మర్యాద కాదు. సొంతదారు విప్పమంటేనే స్క్రూ మీద చెయ్యి వెయ్యాలి. అడగందే చెడ్డమాట అనకూడదు కూడా. నచ్చితే బాగుంది అంటారు. నచ్చకపోతే మెల్లగా కింద పెట్టి ఇంకో సంగతి ఎత్తుకుంటారు. మెర్ల్ తన క్రాగ్‌ను తొలిసారి సంతకు తెచ్చిన రోజున డెల్బర్ట్ దాన్ని ఎత్తి, అటూ ఇటూ తిప్పి, కింద పెట్టాడు.

"మీ వైపు మొక్కజొన్న ఎలా ఉందిరా ఈ ఏడు?" అన్నాడు. షెడ్డు షెడ్డంతా విన్నది.

ఆ ఏడు ఎక్కడ చూసినా తవ్విన సరుకే. మెర్ల్ తుపాకీ కడ్డీ చూస్తే తళతళలాడుతోంది. పైగా మెర్ల్ బీరువాలు చేసే వడ్రంగి, అతను ఉలి పడితే అతుకన్నది కనిపించదు. డెల్బర్ట్ నోరు తెరిచి ఒక్క చెడ్డమాటా అనలేదు, నిజమే. ఆ పని మిగతావాళ్ళు చేశారు. మెర్లే తవ్వి ఉంటాడని గుసగుసలాడారు. అతని బల్ల దగ్గర ఆగేవాళ్ళు తగ్గిపోయారు. కొన్నాళ్ళకు మెర్ల్ రావడం మానేశాడు. తర్వాత కూడా ఇద్దరూ జింకల వేటకు వెళ్ళారు, ఒకరింట్లో ఒకరు ఆపిల్ కేకులు తిన్నారు. తుపాకీ సంగతి మాత్రం ఇద్దరూ దాటేశారు.

డెల్బర్ట్ వెళ్ళేసరికి మెర్ల్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, పక్కన గుర్రుమంటూ యంత్రం.

"ముత్తాతలందర్నీ చంపేసి వచ్చావా?" అన్నాడు.

"వాళ్ళు నా చేతిలో చావరురా. నెల తిరిగేసరికి మళ్ళీ లేచొస్తారు."

తువ్వాలు మీద క్రాగ్ పడుకుని ఉంది. కొత్త పెళ్ళివారి మంచంలా మెరిసిపోతోంది. చెక్కకు ఎడమ పక్కన తనిఖీ అధికారి పొడి అక్షరాలు, ఏడాది వేసిన ముద్ర ఉండాల్సిన చోట వేలు పెడితే నున్నగా జారింది. పాత చెక్కను గీకడమంటే వీళ్ళ లెక్కలో గొంతు కోసినట్టే.

"ఏం చేశావురా దీన్ని?"

"ఉప్పుకాగితం పట్టి వార్నీష్ కొట్టా. నువ్వు మొక్కజొన్న గురించి అడిగావే, ఆ చలికాలంలోనే. నువ్వే కాదన్నాక విప్పి చూసుకునే మనసు రాలేదు. ఎలాగూ దొంగ సరుకే కదా, గోడకైనా అందమొస్తుందని. ఆర్డిత్‌కి నచ్చింది కూడా."

"నచ్చలేదు. నచ్చిందంటే ఊరుకుంటావని అలా అన్నాను," అంది ఆర్డిత్ వంటగదిలోంచి.

పోనీలే, తవ్విన సరుకే కదా గీకాడు అనుకుని డెల్బర్ట్ మనసు కాస్త కుదుటపడింది. "ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకురా ఇదంతా?" అన్నాడు.

మెర్ల్ ఊపిరి కూడదీసుకున్నాడు. "నేను పోయాక ఎవడో దీన్ని సంతలో ఎత్తి చూపించి, హోస్టెట్లర్ తవ్విన క్రాగ్ ఇదే అంటాడు. నేను తవ్వలేదురా. ఇండియానాలో ఒక రైతు దగ్గర కొన్నాను. విప్పి చూసి ఏదో ఒకటి చెప్పు. మోసపోయినవాడిగా పోవడానికి నాకేం బాధ లేదు. మోసం చేసినవాడిగా పోలేను."

డెల్బర్ట్ పట్టీలు సడలించి, స్క్రూలు తీసి, గొట్టాన్ని చెక్కలోంచి పైకెత్తాడు. టార్చి వేసి ఉప్పుకాగితం చేరని గాడి కొసలోకి చూశాడు. జిగురు లేదు. ఉలి దెబ్బ లేదు. కర్మాగారంలో యంత్రం తొలిచిన సన్నటి గీతలు చివరిదాకా ఒకే తీరున ఉన్నాయి. వాటి మీద వందేళ్ళ నూనె నల్లగా పేరుకుని ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత ఇక చూడాల్సిన అవసరం కనిపించలేదు.

ఆయనకు అలసటతో కళ్ళు మూసుకోవాలనిపించింది. ఒక్క మాటతో అంతా తేలిపోతుంది. తవ్విందేరా, కానీ నువ్వు కాదు, ఆ రైతుకు అమ్మినవాడెవడో అంటే చాలు. మెర్ల్ పేరు కడిగినట్టవుతుంది, ముద్ర గీకేశానన్న బెంగా ఉండదు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అది కాపాడేది మెర్ల్‌ని కాదని, తననేనని తోచేసరికి ఆయనకు సిగ్గేసింది.

"అసలుదేరా," అన్నాడు.

యంత్రం గుర్రుమంటూనే ఉంది. ఆర్డిత్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మరి ముద్ర?" అన్నాడు మెర్ల్.

"అదీ అసలుదే అయ్యుంటుంది. ఉన్నప్పుడు."

"అయితే నిఖార్సయినదాన్ని నా చేత్తో గీకేశాను."

"గీకించింది నేనురా. వచ్చే సంతలో అందరి ముందూ చెబుతాను."

"చెప్పు. చెప్పాల్సినవాళ్ళు సగంమంది పోయారులే." మెర్ల్ చెక్క మీద చెయ్యేసి నిమిరాడు. వార్నీష్ మీద వేళ్ళు జారాయి. "ఆ రోజే విప్పి చూడొచ్చు కదరా."

"నువ్వు విప్పమనలేదు. అడక్కుండా ఎలా విప్పుతాను? అది మన పద్ధతి కాదు కదా."

మెర్ల్ తల ఎత్తాడు. కోపం కూడా చేతకానంత నీరసంగా ఉన్నాడు.

"ఆ రోజు తుపాకీ పక్కన స్క్రూడ్రైవర్ పెట్టాను," అన్నాడు. "పొద్దున్నించీ నువ్వొచ్చేదాకా తీయలేదు. ఎవరి కోసం పెట్టాననుకున్నావు?"

డెల్బర్ట్‌కు అది గుర్తుంది. పసుపు పిడి స్క్రూడ్రైవర్.

"ఎవరో మర్చిపోయారనుకున్నానురా," అన్నాడు. "తుపాకీ కింద పెట్టడానికి అడ్డంగా ఉందని పక్కకి జరిపాను."